ఇరవై ఐదో రాత్రి

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి. గల్ఫ్ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లందరూ అలాగే పిలుస్తారు. మా కోనసీమలో మామ అంటే మీసాలుంటాయి. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి జడతో, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో ఎదురుగా నిలబడితే ఆ మాట అనడానికి మొదటి నెలంతా నాకు నవ్వొచ్చేది.

తొంభైల మధ్యలో వెళ్లాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఇల్లు మనామాలో, పాత బజారుకు దగ్గర. ఇంట్లో మామా, ఆమె కొడుకు, ఇద్దరే. కొడుకును బాబా అనేదాన్ని. వాళ్లు యూదులు. మామా తాతల కాలంలో ఇరాక్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో అరబ్బీ మాట్లాడుకునేవారు, నాతో అరబ్బీలో హిందీ కలిపి మాట్లాడేవారు. వాళ్ల మాటల్ని నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఊళ్లో యూదుల ఇళ్లు చాలా తక్కువ. మామా ఫోను పుస్తకంలో వాళ్లవి ఎనిమిది నంబర్లుండేవి, మా ఇంటితో తొమ్మిది. బజారు వీధిలో వాళ్ల ప్రార్థనాలయం ఉంది గానీ నేనున్నన్నాళ్లూ దానికి తాళమే చూశాను. కూరలకు వెళ్లేటప్పుడు మామా ఆ గోడను వేళ్లతో తాకి, ఆ వేళ్లను ముద్దుపెట్టుకుని, ఏమీ జరగనట్టు టమాటాల బేరంలో పడేది. ప్రార్థనలు ఇళ్లలో చేసుకునేవారు, ఎక్కువగా మా హాల్లో.

పదిమంది మగవాళ్లు చేరితే గాని వాళ్లకు నిండు ప్రార్థన కాదు. ఒక శనివారం నేను తలుపు దగ్గర నిలబడి, వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అనుకుంటుంటే మామా వచ్చి నా వేలు పట్టుకుని కిందికి దించింది.

"మనుషుల్ని అంకెలు పెట్టి లెక్కించకూడదు."

"మరి పదిమంది వచ్చారో లేదో ఎలా తెలుస్తుంది మామా?"

"కుర్చీలు లెక్కపెట్టు."

అప్పట్నుంచి నేను పది కుర్చీలు వేసి, ఖాళీలు చూసేదాన్ని. రెండో మూడో ఎప్పుడూ మిగిలేవి.

ఆమె కట్టుబాటు నాకు వింతగా అనిపించలేదు. మా అమ్మ ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేది కాదు, లాభం అనేది. ఆరు తర్వాత ఆరున్నొకటి అనేది. ఇది చెబితే మామాకు ఆసక్తి కలిగింది.

"ఏడు ఏం పాపం చేసింది?"

"మా భాషలో ఏడు అంటే ఏడవమని కూడా అర్థం మామా."

"అయ్యో, మాకు వారంలో మంచి రోజే ఏడోది," అని ఆ పూటంతా తలచుకుని నవ్వింది.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అంకెలు మాత్రం నాతో వచ్చేశాయి. గోడ పంచాంగం ముందు నిలబడి తిథులు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో, అధిక మాసం ఎన్నాళ్లకు వస్తుందో ఎవరినీ అడక్కుండా పట్టుకున్నాను. బహ్రెయిన్‌లో కూడా, మామీర్ అనే ఊళ్లో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు ఏటా ఒక తెలుగు క్యాలెండర్ తెచ్చిచ్చేవాడు. నాకు నోట్‌బుక్కు ఉండేది. ఏ రోజు చంద్రుడు కనబడ్డాడో, ఏ పిండి ఎన్ని గంటల్లో పొంగిందో, అన్నీ అందులో రాసేదాన్ని.

ఆ అలవాటు ఆ ఇంట్లో పనికొచ్చింది. శుక్రవారం సూర్యుడు మునగడానికి పద్దెనిమిది నిమిషాల ముందు మామా దీపాలు వెలిగించాలి. అక్కడితో వాళ్ల విశ్రాంతి రోజు, శబ్బాత్, మొదలు. మర్నాడు చుక్కలు పొడిచేదాకా నిప్పు ముట్టరు, స్విచ్ వేయరు, ఫోను ఎత్తరు. పేపర్లో నమాజు వేళలు వేస్తారు గదా, అందులో సూర్యుడు మునగ్గానే చేసే సాయంత్రం నమాజు టైము చూసి, పద్దెనిమిది తీసేసి ఫ్రిజ్ మీద అతికించడం నా పని. ఆ టైముకు ముందే కోడి, బియ్యం, మసాలా ఒకే గిన్నెలో పెట్టి సన్నటి సెగ మీదికి ఎక్కించేవాళ్లం. అది రాత్రంతా మగ్గి, శనివారం మధ్యాహ్నానికి అడుగున ఎర్రటి మాడుపెచ్చు కట్టేది. ఆ పెచ్చు కోసం తల్లీకొడుకులు పోట్లాడుకునేవారు.

శబ్బాత్ నాడు నన్ను కూడా ఫలానా పని చెయ్యమని నోరు తెరిచి అడగకూడదట. హాల్లో లైటు వేయడం నేను మరిచిపోతే మామా గోడకు చెప్పేది.

"ఈ గదిలో ఎంత చీకటిగా ఉందో."

నేను వంటింట్లోంచి, "మామా, గోడ ఏమంటోంది?" అనేదాన్ని.

"దానికీ కనబడట్లేదంటోంది."

చలికాలంలో హనుక్కా వచ్చేది. ఎనిమిది రాత్రుల దీపాల పండగ. పూర్వం వాళ్ల గుడి మళ్లీ వాళ్ల చేతికొచ్చినప్పుడు, ఒక్క రోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందట. అందుకని మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిదో రాత్రికి ఎనిమిది. మామా దగ్గర ఇత్తడి దీపం ఉండేది, గోడకు తగిలించేది. దానికి వరసగా ఎనిమిది ఉంగరాలు, ఒక్కొక్క దాంట్లో చిన్న గాజు గ్లాసు. సగం నీళ్లు, పైన నూనె, నూనెలో వత్తి. ఆ ఎనిమిదికీ ఎత్తున విడిగా తొమ్మిదో గ్లాసు ఉంటుంది. ముందు దాన్ని వెలిగించి, దానితో మిగతావి వెలిగిస్తారు. దాని పేరుకు సేవకుడని అర్థం. పండగ లెక్కలోకి అది రాదు.

"అయితే ఇది నేనే," అన్నాను మొదటి ఏడు.

"అవును," అంది మామా. "చూడు, అందరికంటే ఎత్తున ఎవరున్నారో."

ఎనిమిది రాత్రులకు ఎన్ని వత్తులు కావాలి అని మామా అడిగినప్పుడు నేను వేళ్లు మడవకుండా చెప్పాను. ఒకటి, ఎనిమిది కలిపితే తొమ్మిది. రెండు, ఆరున్నొకటి కలిపితే తొమ్మిది. అలాంటి జంటలు నాలుగు, ముప్పై ఆరు. సేవకుడికి రాత్రికొకటి చొప్పున ఎనిమిది. మొత్తం నలభై నాలుగు. మామా కాగితం మీద కూడి చూసి, బాబాను పిలిచి ఆ కాగితం చూపించింది.

వత్తులు చేసే పని కూడా నాదే అయింది. అంతకుముందు దూది ముక్క తుంచి ఖర్జూరపాకు ఈనెకు చుట్టేవారు. అవి మధ్యలో కొండెక్కేవి. నేను కార్తీక మాసంలో అమ్మ పక్కన కూర్చుని మూడు వందల అరవై ఐదు వత్తులు చేసినదాన్ని. దూదిలో గింజ నలకలు ఏరి, అరచేతిలో పొడుగ్గా నలిపి, ఈనెకు బిగించాను. నూనె లోతు వేలి కణుపంత ఉంటే గంటా ఇరవై నిమిషాలు వెలిగింది. మూడుసార్లు చూసి రాసుకున్నాను. రెండో ఏటికే మిగతా ఎనిమిది ఇళ్ల వాళ్లు కూడా మాకూ ఆ వత్తులే కావాలన్నారు. తొమ్మిది నలభై నాలుగులు మూడు వందల తొంభై ఆరు. కార్తీకం లెక్క కంటే ముప్పై ఒకటి ఎక్కువ.

హనుక్కా మిఠాయి పేరు జంగూలా. మొదటిసారి మామా అది చెయ్యడం నేర్పిస్తానని పెద్ద ఉపోద్ఘాతం చెప్పి, పులిసిన పిండిని నూనెలో గుండ్రంగా తిప్పి, పాకంలో ముంచి తీసి నా నోట్లో పెట్టింది. జిలేబీ. రెండోది అడిగాను.

ఇక క్యాలెండర్ సంగతి. మామాకు లండన్‌లో ఒక అక్క ఉండేది. వాళ్ల కొత్త సంవత్సరానికి ముందు ఆమె ఏటా ఒక యూదుల క్యాలెండర్ పోస్టులో పంపేది. అది మా వంటింటి మేకుకు ఎక్కేది. ఆ మేకు వల్ల మామాకు ఊళ్లో ఒక పెద్దరికం ఉండేది. ఏ పండగ ఏ రోజో ఎనిమిది ఇళ్ల వాళ్లూ ఆమెకే ఫోను చేసి అడిగేవారు. మామా వెంటనే చెప్పేది కాదు. "ఉండు, చూస్తాను," అని ఫోను పక్కన పెట్టి, నీళ్లు తాగి, కళ్లజోడు తుడుచుకుని, అప్పుడు చెప్పేది.

తొంభైల చివరి ఏడు, ఎండాకాలంలో ఆ అక్క పోయింది. క్యాలెండర్ రాలేదు. పాతదాని చివరి పేజీలో తర్వాతి నెల పండగలు కూడా వేసి ఉండబట్టి ఆ నెల గడిచింది. ఆ తర్వాత మేకుకు పాత క్యాలెండరే వేలాడుతూ ఉండిపోయింది. ఇంకొకటి తెప్పించమంటావా అని బాబా అడిగితే మామా తల అడ్డంగా ఊపింది. ఎవరికైనా ఫోను చేసి అడగొచ్చు. కానీ అలా అడిగితే మేకు ఖాళీ అని తెలిసిపోతుంది. అక్క పోయిన సంగతి అందరికీ తెలుసు. దానితోపాటు తన దగ్గరున్న ఈ ఒక్క పనీ పోయిందని తెలియడం ఆమెకు ఇష్టం లేదు.

ఒక మంగళవారం సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే మామా కూడా పైకి వచ్చింది. పడమటి వైపు సన్నటి నెలవంక.

"హనుక్కా నెల ఇదే," అంది. "నువ్వు చంద్రుణ్ణి లెక్కపెడతావు గదా. ఈ నెలలో ఇరవై ఐదో రాత్రి ఎప్పుడొస్తుందో చెప్పు. మొదటి దీపం ఆ రాత్రే."

ఇంత సులువైన లెక్క నన్ను అడిగినందుకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. ఈ రాత్రి నెలవంక, తెల్లారితే బుధవారం, అది ఒకటి. అక్కణ్ణుంచి ఇరవై ఐదు శనివారం. తెలుగు క్యాలెండర్లో చూశాను, కార్తీక బహుళం, సరిగ్గా ఉంది. మేకుకున్న పాత క్యాలెండర్లో కూడా, పోయినేటి హనుక్కా గడిలో తరిగే చంద్రుడి బొమ్మే ఉంది. మూడు రకాలుగా సరిచూసుకుని చెప్పాను.

"శనివారం రాత్రి మామా."

"మంచిదే. శబ్బాత్ అయిపోగానే వెలిగించుకోవచ్చు."

వారం తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మామా ప్రతిసారీ "ఉండు, చూస్తాను," అని ఫోను పక్కన పెట్టింది. నీళ్లు తాగింది. కళ్లజోడు తుడుచుకుంది. నా వైపు చూసేది, నేను తల ఊపేదాన్ని. "శనివారం రాత్రి," అని ఎనిమిది ఇళ్లకూ చెప్పింది. నేను ఎనిమిది పొట్లాలు కట్టి, ఒక్కొక్క దాంట్లో నలభై నాలుగు వత్తులు పెట్టి, శనివారం చుక్కలు పొడవగానే బాబా కారులో పంపడానికి వరసగా సర్దాను.

ముందు రోజు శుక్రవారం. కోడి గిన్నె సెగ మీదికి ఎక్కింది. మామా స్నానం చేసి పైన జడ వేసుకుంటోంది. నేను మర్నాటి జిలేబీకి పిండి కలుపుతున్నాను. పక్కింటి డ్రైవరు నువ్వుల పొట్లం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నిజామాబాదు వైపు అబ్బాయి, గల్ఫ్‌లో ఏ దేశాన్నైనా దుబాయి అనే అనేవాడు. పక్కిల్లు ముస్లిం కుటుంబం, అక్కడ కూడా ఒక పెద్దావిడ ఉండేది.

"అక్కా, మా ముసలామె ఇయ్యమన్నది."

"ఏంటి తమ్ముడూ, మొహం అలా వేలాడేసుకున్నావ్?"

"ఏం జెప్పాలక్కా. ఎనిమిది దినాలైతంది, ఇంక తిడ్తనే ఉన్నది."

"ఏం చేశావేంటి?"

"ఏం జెయ్యలే. గదే తప్పు. నువైద్రాత్‌ల బిడ్డింటికి పోవాలె, లైలత్ జుమా బండి తియ్యి అన్నది. జుమా అంటే శుక్రారం, లైలత్ అంటే రాత్రి. దుబాయికొచ్చి ఆరేండ్లాయె, గంత అరబ్బీ నాకు రాదా? శుక్రారం పొద్దుగూకినంక బండి కడిగి, తల దువ్వుకొని, గేటు ముంగట నిలబడ్డ."

"బాగానే ఉందిగా."

"ఏం బాగ? ఆమె బేస్తారం రాత్రే తయారై, గిన్నెల సామాను సర్దుకొని కూసున్నదట. వీళ్లకు రాత్రి ముందట, పగలు ఎన్క. పొద్దుగూకిందంటే దినం మారినట్టే. జుమా రాత్రంటే బేస్తారం నాటి రాత్రట. నీది గాడిద లెక్క అన్నది."

నేను నవ్వాను. నవ్వుతూ పిండి ఇంకో రెండు తిప్పులు తిప్పాను. మూడో తిప్పుకు చెయ్యి ఆగిపోయింది.

"వీళ్లకంటే ఎవరికి తమ్ముడూ? ముస్లిములకేనా, అరబ్బీ మాట్లాడే వాళ్లందరికా?"

"నాకేం ఎర్కక్కా. నన్ను తిట్టింది మా ముసలామె ఒక్కతే."

గడియారం చూశాను. మూడూ ముప్పై నాలుగు. ఫ్రిజ్ మీద నేనే అతికించిన కాగితంలో శబ్బాత్ దీపం నాలుగూ ఇరవై ఎనిమిదికి. యాభై నాలుగు నిమిషాలు. పిండి చేత్తోనే మెట్లెక్కాను.

"మామా, ఇరవై ఐదో రాత్రి అంటే ఇరవై ఐదో రోజుకు ముందు రాత్రా, తర్వాత రాత్రా?"

"రోజు రాత్రితోనే గదా మొదలవుతుంది. ముందు రాత్రే. అదేం ప్రశ్న?"

"మా రోజు పొద్దున్న మొదలవుతుంది మామా."

దువ్వెన జడ మధ్యలో నిలిచిపోయింది.

"నువ్వు శనివారం రాత్రి అన్నది..."

"శనివారం ఇరవై ఐదు. దాని రాత్రి అంటే నా లెక్కలో తర్వాతది. మీ లెక్కలో అయితే ఇవాళే."

శబ్బాత్ దీపం వెలిగిందంటే ఆ ఇంట్లో ఇక అగ్గిపుల్ల గీయరు. హనుక్కా దీపం దానికంటే ముందే పెట్టాలి. ఇవాళ దాటితే మొదటి దీపం పోయినట్టే, ఒక్క మా ఇంట్లోనే కాదు, మామా మాట నమ్మిన ఎనిమిది ఇళ్లలోనూ. ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను. ఆమె పెదవులు కదుపుతూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. నెలవంక నాటి మంగళవారం నుంచి, రాత్రుల్ని.

"ఇవాళే," అంది. "నేనూ సరిగ్గానే అడిగాను, నువ్వూ సరిగ్గానే చెప్పావు. ఫోను పుస్తకం తీసుకురా. యల్లా, పద."

సగం వేసిన జడతోనే ఫోను ముందు కూర్చుంది. నేను నంబర్లు చదివాను, ఆమె తిప్పింది. ఈసారి నీళ్లు లేవు, కళ్లజోడు తుడవడం లేదు. మొదటి ఇంటికి ఏదో సాకు చెప్పబోయి ఆగింది. ఆ తర్వాత ఎప్పుడూ అనని మాట అంది.

"మా అక్క పోయింది గదా. ఈ ఏడు క్యాలెండర్ రాలేదు. మా పిల్లా నేనూ చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకున్నాం, ఒక రాత్రి తేడా వచ్చింది. మొదటి దీపం ఇవాళే. వత్తులు వస్తున్నాయి, గ్లాసులు కడుక్కో."

రెండో ఇంటికి అదే చెప్పడం సులువైంది. నాలుగో ఇంటికి గొంతు కూడా మామూలైంది. ఐదోది బజారులో బట్టల కొట్టున్న ముసలాయనది. ఆయన ఒక్కడితో నాలుగు నిమిషాలు పట్టింది. ఫోనులోంచి ఆయన మాట నాకు కూడా వినబడుతోంది.

"నా దగ్గరున్న క్యాలెండర్లో ఇవాళే అని ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు శనివారమన్నావు గదా. నా క్యాలెండర్లో అచ్చుతప్పు పడిందనుకున్నాను."

మామా ఫోను చెవి నుంచి తీసి దాని వైపు చూసింది. నేను గడియారం చూపించాను.

వత్తుల పంపకం డ్రైవరు మీద పడింది. బాబా బయటికి వెళ్లి ఇంకా రాలేదు. డ్రైవరు గేటు దగ్గర నిలబడి పక్కింటి కిటికీ వైపు చూశాడు, అడగాలంటే భయం. అడగక్కర్లేకపోయింది. మా హడావిడి విని ఆ పెద్దావిడే కిటికీ తెరిచింది. నేను నాకొచ్చిన అరబ్బీలో, నేను కూడా వీడి లెక్కే వేశానని చెప్పాను. ఆమె నన్నొకసారి, వాణ్ణొకసారి చూసింది.

"మీ దేశంలో అందరూ ఇంతేనా? రూహ్, వెళ్లు, త్వరగా."

మా వీధిలో మూడిళ్లు. అవి నేను పరుగెత్తి ఇచ్చొచ్చాను. ఐదు పొట్లాలు కారెక్కాయి. "అక్కా, ఇగ ఈ రాత్రి ఏ దినం రాత్రి?" అని అరిచి వాడు బండి తీశాడు.

నేను తిరిగొచ్చేసరికి నాలుగూ పది. బాబా వచ్చి ఇత్తడి దీపం దించి తుడుస్తున్నాడు. నూనె నేను పోశాను. నాలుగూ ఇరవై ఆరుకు వెలిగిస్తే, చుక్కలు పొడిచాక ఇంకో అరగంట దాకా వెలగాలి. అంటే గంటా పద్నాలుగు నిమిషాలు. కణుపు లోతు నూనెకు ఆరు నిమిషాలు మిగులుతాయి. ఆరు నిమిషాల మీద నేనెప్పుడూ నమ్మకం పెట్టను. రెండు కణుపుల లోతు పోశాను.

నాలుగూ ఇరవై ఆరు. బాబా ఆశీర్వాదాలు చదివి సేవకుడి దీపం వెలిగించాడు, దానితో మొదటి దీపం. నాలుగూ ఇరవై ఎనిమిదికి మామా శబ్బాత్ దీపాలు పెట్టి, రెండు చేతులతో కళ్లు మూసుకుని ఏదో చెప్పుకుంది. చేతులు తీసి నన్ను చూసింది. నా మోచేతి దాకా పిండి ఎండిపోయి ఉంది.

"మామా, ఇవాళ ఇంటికి రెండు వత్తులు. తొమ్మిది ఇళ్లు. పద్దెనిమిది వెలుగుతున్నాయి."

"పద్దెనిమిదా? మా అక్షరాల లెక్కలో పద్దెనిమిదంటే ప్రాణం," అంది. అని కుర్చీలో కూర్చుని, మిగిలిన సగం జడ అల్లుకోబోయింది. శబ్బాత్ నాడు జడ అల్లుకోకూడదని అప్పుడు గుర్తొచ్చి, "ఈ జుట్టు ఎంత చిందరవందరగా ఉందో," అని గోడకు చెప్పింది. మిగతా జడ నేను అల్లాను.

శనివారం చుక్కలు పొడిచాక అందరూ మా ఇంటికే వచ్చారు. నేను జిలేబీలు వేస్తున్నాను, మామా పాకంలో ముంచుతోంది. బట్టల కొట్టు ముసలాయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"క్యాలెండర్ రాలేదని మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను అడగడం మానేస్తారు."

"నా దగ్గర క్యాలెండర్ ఉండి కూడా నిన్నే అడిగాను గదా. పదేళ్లుగా ఏటా వస్తోంది నాకు."

మామా ఆయన వైపు చూడకుండా ఒక జిలేబీ తీసి ఆయన చేతిలో పెట్టింది. వేడిగా ఉంది, ఆయన చేతులు మార్చుకుంటూ హాల్లోకి పోయాడు. నేను పళ్లెం పట్టుకుని ఆయన వెనకే వెళ్లాను. నేను వేసిన పది కుర్చీల వైపు చూసి, వెనక్కి వచ్చి పొయ్యి తగ్గించాను.

"మామా, ఖాళీ కుర్చీ లేదు."

ఆమె చేతిలోని గరిటె పాకంలో వదిలేసి, కొంగులాంటి తన తలగుడ్డ సర్దుకుని హాలు గుమ్మం దాకా వెళ్లింది. లోపల ప్రార్థన మొదలైంది. అంతమంది గొంతులు ఒకేసారి లేవడం ఆ ఇంట్లో నేను అదే మొదటిసారి విన్నాను. ఒక వాయి జిలేబీలు నల్లగా మాడిపోయాయి. బాబా వాటిని కూడా తిన్నాడు.

ఆ పండగ రాత్రుల్లో వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. ఒకరు తమ క్యాలెండర్ తెచ్చారు. ఇంకొకరు లండన్ చుట్టాలకు ఫోను చేసి తెప్పిస్తున్నామన్నారు. ముసలాయన తన పదేళ్లవీ కట్టకట్టి తెచ్చి, ఆ ఏటిది పైన పెట్టాడు. ఎనిమిదో దీపం మళ్లీ శుక్రవారమే వచ్చింది, అప్పటికి రంజాన్ మొదలైంది. మేము తొమ్మిది వత్తులూ వెలిగించి, మామా శబ్బాత్ దీపాలు పెట్టిన పద్దెనిమిది నిమిషాలకు ఉపవాసం విడిచే ఫిరంగి మోగింది. పక్కింటి డ్రైవరు గోడ మీదుగా జిలేబీ పళ్లెం అందుకుని, "మా ముసలామె ఇప్పుడు నన్ను తిడ్తలేదక్కా, నిన్ను తిడ్తంది, రెండే పంపినవని," అన్నాడు.

మరుసటి ఏటికి ఆ ఒక్క మేకుకు ఐదు క్యాలెండర్లు వేలాడాయి. చలికాలం రాగానే ఫోను మోగింది, హనుక్కా ఎప్పుడని. మామా, "ఉండు, చూస్తాను," అని ఫోను పక్కన పెట్టింది. నీళ్లు తాగింది. కళ్లజోడు తుడుచుకుంది. ఐదు క్యాలెండర్ల ముందు నిలబడి, వాటి వైపు చూడకుండా నా వైపు తిరిగింది.

"బింతీ, నా కూతురా, ఇరవై ఐదో రాత్రి ఎప్పుడు?"

"నీ రాత్రా, నా రాత్రా మామా?"